ఒడ్డు విడిచి దూరం పోకు, అల్లుడూ

ఫ్లై రాడ్డు కొన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పెరట్లో గడ్డి మీద నిలబడి 70 అడుగుల దూరం విసరడం సాధన చేస్తున్నావట, పక్కింటివాళ్ల కుక్క నిన్ను చూసి ఒకటే మొరుగుడట. చెప్పి తెగ నవ్వింది. నాకు మాత్రం సంతోషమేసింది. ఈ కమ్మింగ్, జాన్స్ క్రీక్ చుట్టుపక్కల ఇల్లు కొనుక్కున్న మనవాళ్లను చాలామందిని చూశాను. శనివారం వస్తే లాన్ కోయడం, కాస్ట్‌కోకు పోవడం, సాయంత్రం ఎవరింటికో భోజనానికి వెళ్లడం. నువ్వు చెరువు గట్టెక్కాలనుకున్నావు, మంచిదే. నీకన్నా ముందు ఈ జార్జియాకు వచ్చినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు చెప్తాను. మామయ్య చాదస్తం అనుకున్నా సరే, వినెయ్.

అన్నిటికన్నా ముందు ఆ 70 అడుగుల పిచ్చి వదిలెయ్. సముద్ర తీరాన బోన్‌ఫిష్ వెంట పడేవాళ్లకు ఆ దూరం కావాలి. ఎకరం, రెండెకరాల చెరువులో బాస్ చేప కోసం 30 అడుగులు విసరగలిగితే చాలు. సగం సార్లు అదీ అక్కర్లేదు. కొత్తవాళ్లంతా చేసేది ఒకటే పని. కారు దిగుతారు, గబగబా నీటి అంచుకు పోతారు, ఉన్న బలమంతా పెట్టి నడి చెరువులోకి విసురుతారు. వాళ్ల బూట్ల చప్పుడుకే, కాళ్ల దగ్గర మాటేసిన మంచి చేప కాస్తా లోతుకు జారుకుని ఉంటుంది. ఆ సంగతి వాళ్లకు తెలియనే తెలియదు. చెరువులో చేపల్లేవని తిట్టుకుంటూ ఇంటికి పోతారు.

లార్జ్‌మౌత్ బాస్ ప్రధానంగా మాటు వేసి పట్టే రకం. పచ్చటి ఒళ్లు, పక్కన పొడుగునా నల్లటి చార. నాచులో ఉంటే పక్కనే ఉన్నా కనబడదు. దానికి కావలసినవన్నీ ఒడ్డునే దొరుకుతాయి. బ్లూగిల్ చేపపిల్లలు, కప్పలు, గడ్డిలోంచి జారిపడే మిడతలు, నీళ్ల మీద గుడ్లు పెట్టడానికి వాలే తూనీగలు, అన్నీ అక్కడే. నీడా అక్కడే. ఎర దగ్గరికొచ్చిందంటే నోరు ఒక్కసారిగా తెరుస్తుంది. ఆ నోట్లోకి దూసుకుపోయే నీళ్లతో పాటు ఎర కూడా లోపలికి పోతుంది. ఇక పసిగట్టడం అంటావా, దాని ఒంటి పక్కన తలనుంచి తోకదాకా ఒక సన్నటి గీత ఉంటుంది. నీటిలో ఏ చిన్న కదలిక పుట్టినా ఆ గీతకు తెలిసిపోతుంది. నువ్వు గట్టు మీద దబదబా నడిస్తే ఆ అదురు మట్టిలోంచి నీళ్లలోకి పోతుంది.

అందుకని నీటికి పది అడుగుల ఇవతలే ఆగు. నీ నీడ నీళ్ల మీద పడకుండా చూసుకో. మొదటిసారి వేసేటప్పుడు లైనులో చాలా భాగం గడ్డి మీద పడి, ఫ్లై ఒక్కటే నీళ్లలో పడేలా వెయ్యి. చూసేవాళ్లు నవ్వితే నవ్వనీ. ఆ తర్వాత నెమ్మదిగా అంచుకు చేరి, ఎదురుగా కాదు, కుడి ఒడ్డు వెంబడి ఓసారి, ఎడమ ఒడ్డు వెంబడి ఓసారి, నేలకు రెండడుగుల ఎడంగా వేసుకుంటూ పో. ఇలా చేస్తే నీ ఎర వచ్చే దారంతా చేపలున్న దారే అవుతుంది. నడి చెరువులోకి వేస్తే పడిన చోట ఓ నాలుగడుగులు, తిరిగొచ్చే చివర ఓ నాలుగడుగులు పనికొస్తాయి, మిగతాదంతా దండగ.

చెరువు ఆనుపానులు నీకు ఎవరూ నేర్పక్కర్లేదు. మీ తాతగారి ఊళ్లో చూసినవే ఇక్కడా ఉంటాయి. కట్ట ఉంటుంది, అలుగు ఉంటుంది, తూము ఉండాల్సిన చోట నీళ్లలోంచి నిలువుగా లేచిన గొట్టం ఉంటుంది. ఈ చెరువుల్లో చాలావాటిని దేవుడు చేయలేదు, రైతులు తవ్వుకున్నారు. 1935లో పెట్టిన సాయిల్ కన్సర్వేషన్ సర్వీసు వాళ్లు, కోతకు గురైన వాగులకు అడ్డకట్టలు వేసుకోమని, పశువులకు నీళ్లుంటాయని, చేపలు పెంచుకోవచ్చని రైతుల వెంట పడి మరీ కట్టించారు. కట్ట, సహజమైన ఒడ్డు కలిసే మూలలు రెండూ తప్పక చూడు. నిలువు గొట్టం చుట్టూ చూడు. వాగు వచ్చి కలిసే చోట శిఖం మెరకగా ఉంటుంది, అక్కడ పొద్దున పూట చిన్న చేపలు మేస్తుంటాయి, వాటి వెనకే పెద్దవి. నీళ్ల మీదికి వంగిన విల్లో కొమ్మలు, కలువ ఆకుల అంచులు, డాక్ కింది చీకటి. ఒక్కొక్క చోటా రెండు మూడు సార్లు వేసి ముందుకు జరుగు. ఒకే చోట పాతుకుపోకు.

సామాను గురించి ఎక్కువ చెప్పను. నీ సంగతి తెలుసు కదా, కావలసినదానికి రెండింతలు ఈపాటికే కొనేసి ఉంటావు. 7 వెయిట్ రాడ్డు, ముందు భాగం బరువుగా ఉండి తేలే లైను, ఏడెనిమిది అడుగుల లీడరు, దాని కొసన 10 పౌండ్ల బరువు ఆపే దారం. అంతే. ట్రౌట్ కోసం వాడే సన్న దారం ఇక్కడ పెట్టకు, కలువ కాడల్లో చిక్కుకుంటే పుటుక్కున తెగుతుంది.

ఒకటి మాత్రం అర్థం చేసుకో. మామూలు గాలంలో బరువు ఎరదీ సీసపు గుండుదీ. దారం దాని వెంట పోతుంది. ఫ్లైలో తిరగేసి. ఎరకు బరువు లేదు, లైనే బరువు, లైను పోతేనే ఎర పోతుంది. పైగా మనం కట్టే తేలే ఎర, పాపర్, లావుగా ఉండి గాలికి అడ్డం పడుతుంది. అందుకే వెనక్కి విసిరాక లైను వెనక పూర్తిగా చాపుకునేదాకా ఆగాలి. నువ్వు పెరట్లో చేస్తున్న తప్పు అదే అయివుంటుంది, చూడకుండానే చెప్పగలను. వెనక ఆగనివాడికి ముందు దూరం రాదు, వాడు బలం పెడతాడు, లైను కుప్పై పడుతుంది.

పాపర్ అంటే పెద్ద విద్యేం కాదు. బెండు ముక్క, ముందు మూతి కాస్త లోపలికి గుంట, వెనక రెండు ఈకలు, అడుగున కొక్కెం. టెనెసీలో చట్టనూగా ఊరివాడు ఎర్నెస్ట్ పెకిన్‌పా ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో బాస్ కోసం ఇలా బెండు ఎరలు చేశాడని చెప్తారు. ఇప్పుడు ఎక్కువ ఫోమ్‌తో చేస్తున్నారు. జింక వెంట్రుకలు చుట్టి కత్తిరించి చేసేవి ఇంకో రకం. ఆ వెంట్రుక లోపల గుల్ల, అందుకే తేలుతుంది. లారీ డాల్‌బర్గ్ చేసిన డైవర్ ఆ జాతిదే. లాగితే ముక్కు ముంచి కిందికి పోతుంది, వదిలితే పైకి లేస్తుంది. అచ్చం కప్పే. నా మటుకు నాకు జింక వెంట్రుకల ఎరే ఇష్టం, చప్పుడు లేకుండా వాలుతుంది, చేప నోట్లో మెత్తగా తగులుతుంది. కాకపోతే గంట వాడాక నీళ్లు తాగి బరువెక్కుతుంది, పిండి ఆరబెట్టుకోవాలి. రంగుల గురించి దుకాణంలో వాళ్లు చెప్పేది వినకు. పగలు పసుపో ఆకుపచ్చో, పొద్దు గూకాక నలుపు. కింద నుంచి చూసే చేపకు ఆకాశం ఎదురుగా నలుపే బాగా ఆనుతుంది. డబ్బా నిండా రంగులు మనిషిని పట్టడానికే.

ఇప్పుడు అసలు పని. పాపర్ కలువ ఆకు పక్కన పడింది, చుట్టూ వలయాలు లేచాయి. నీ ఎడమ చేతి వేళ్లు లైను మీద దురద పెడుతుంటాయి. కదపకు. వలయాలు ఒకటొకటిగా వెడల్పై, ఆకులకు తగిలి, చివరిది కూడా అణిగి నీళ్లు అద్దమయ్యేదాకా అలాగే ఉంచు. ఈ లోపల ఆ ఆకు కింద బాస్ ఏం చేస్తోందంటే, పైన ఏదో పడిందని ముందు కాస్త అదిరి వెనక్కి జరిగి, మళ్లీ తిరిగి, ఎర కిందికొచ్చి నిలబడి పైకి చూస్తోంది. బతికి ఉన్న కప్ప కూడా నీళ్లలో పడగానే కాసేపు కదలదు. నీళ్లు అణిగాక లైను రెండంగుళాలు లాగు. వెనక ఈకలు వణికితే చాలు. మళ్లీ ఆపు. అప్పటికీ ఏమీ లేకపోతే అప్పుడు ఒకే ఒక్కసారి గట్టిగా లాగి 'బుడుంగు' మనిపించు. మళ్లీ ఆపు. మొదట్నుంచీ బుడుంగు బుడుంగుమని లాక్కొచ్చేవాళ్లున్నారు. పెద్ద సరస్సులో, అలల మీద ఆ చప్పుడు కావాలేమో. రెండెకరాల చెరువులో అది చేపను పిలవడం కాదు, తరిమెయ్యడం.

చేప కొట్టడం ఒకలా ఉండదు. ఒక్కోసారి నీళ్లు పగిలి తొట్టెడు నీళ్లు లేస్తాయి. అది చాలామటుకు చిన్న చేపే, హడావుడి ఎక్కువ. పెద్దది ఒక్కోసారి చప్పుడే చేయదు, చిన్న సుడి తిరిగి పాపర్ మాయమవుతుంది. ఏదైనా సరే, రాడ్డు పైకెత్తకు. ట్రౌట్ వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లకు చెయ్యి దానంతటదే పైకి పోతుంది. ఎత్తితే రాడ్డు వంగి ఆ బలమంతా అందులోనే పోతుంది, ఎముక గట్టిదైన ఆ నోట్లో కొక్కెం దిగదు, పాపర్ నోట్లోంచి ఊడి నీ మొహం మీదికే వస్తుంది. రాడ్డు కొస నీళ్లకు ఆనించి ఉంచు, ఎర వైపే గురి. చేప కొట్టిందా, బరువు తగిలేదాకా క్షణం ఆగి, ఎడమ చేత్తో లైనును కవ్వం తాడు లాగినట్టు వెనక్కి ఒక్క గుంజు గుంజు. తగిలాకే రాడ్డు ఎత్తేది.

మన ఊళ్లలో కొర్రమట్టకు కప్పను ఎర కట్టి, చెరువు గడ్డి మీద మెల్లగా ఎగరేసేవాళ్లను నువ్వు చూసే ఉంటావు. వాళ్ల చేతిలో ఉండే నిదానమే ఇక్కడా కావలసింది. కొర్రమీను కూడా అంతే, నాచు కింద మాటు వేసి పైకి కొడుతుంది, గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుంది కనక చోటు కనిపెట్టొచ్చు. 2016లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. ఇక్కడ జార్జియా రాష్ట్ర చేప ఈ లార్జ్‌మౌత్ బాసే. అక్కడా ఇక్కడా మాటు వేసే దొంగలనే ఎంచుకున్నారు చూశావా.

కొర్రమీను అన్నాను కాబట్టి ఇంకో మాట. దాని జాతికే చెందిన నార్తర్న్ స్నేక్‌హెడ్ ఒకటి 2019 అక్టోబరులో మన పక్కనే గ్విన్నెట్ కౌంటీలో ఓ ప్రైవేటు చెరువులో దొరికింది. ఈ దేశానికి అది పరాయి చేప, ఇక్కడి చేపల్ని తినేస్తుందని భయం. పొరపాటున నీ గాలానికి తగిలితే, అబ్బ మన కొర్రమీనే అని మురిసిపోయి మళ్లీ నీళ్లలో వదలకు, బకెట్లో ప్రాణంతో ఇంటికీ తేకు. అక్కడికక్కడే చంపి, ఫోటో తీసి, రాష్ట్ర సహజ వనరుల శాఖ (డీఎన్ఆర్) వాళ్లకు చెప్పాలి. అలాగే ఏ చేపనైనా సరే ఒక చెరువులోంచి తీసి ఇంకో చెరువులో వెయ్యకు. మన అపార్టుమెంటు కుంటలో కూడా పెరుగుతాయిలే అని చేసేవాళ్లున్నారు, అది పుణ్యం కాదు.

వసంతంలో, నీళ్లు 60 డిగ్రీల ఫారన్‌హీట్ దాటాక, ఒడ్డు దగ్గర ఇసుకలో పళ్లెమంత గుంటలు తెల్లగా కనబడతాయి. అవి గూళ్లు. మగ చేప తోకతో ఊడ్చి చేసుకుంటుంది, ఆడది గుడ్లు పెట్టి పోతుంది, మగదే కాపలా. ఆ గూటి మీద ఏం పడినా కొడుతుంది, ఆకలితో కాదు, పిల్లల కోసం. దాన్ని పట్టి రెండు నిమిషాలు ఫోటోలు దిగితే ఆ రెండు నిమిషాల్లో బ్లూగిల్ గుంపు వచ్చి గుడ్లు ఊడ్చేస్తుంది. చట్టం ఒప్పుకోవచ్చు. నువ్వు మాత్రం అది చెయ్యకు. గూళ్లున్న ఆ రోజుల్లో బ్లూగిల్ పట్టుకో, చిన్న పాపర్‌తో భలే సరదా.

పట్టిన చేపను వదిలెయ్యాలా, తినాలా? మీ అత్తయ్య ఓటు పులుసుకే. ఇక్కడి బాస్ పోటీలవాళ్లది వదిలెయ్యాలన్న మతం. 1968లో బాస్ యాంగ్లర్స్ సంఘం పెట్టిన అలబామా మనిషి రే స్కాట్ 1972 నుంచి పోటీల్లో చేపల్ని ప్రాణంతో వదిలే పద్ధతి తెచ్చాడు. పెద్ద సరస్సులకు అది మంచిదే. చిన్న చెరువు లెక్క వేరు. అలబామాలోనే ఆబర్న్ విశ్వవిద్యాలయంలో హోమర్ స్వింగిల్ అనే ఆయన 1930లనుంచి ఇలాంటి చెరువుల మీదే పని చేశాడు. బ్లూగిల్, బాస్ కలిపి పెంచడం, రెండింటి మధ్యా సమతూకం ఉండాలనడం ఆయన నేర్పిన పాఠమే. బాస్ ఎక్కువైపోయి బ్లూగిల్ పిల్లలు చాలకపోతే, బాస్ అన్నీ పది, పన్నెండు అంగుళాల దగ్గరే ఆగిపోతాయి, తల పెద్దగా, పొట్ట పల్చగా. అలాంటి చెరువులో ఆ చిన్నవాటిని కొన్ని తీసి తినడమే చెరువుకు మేలు. యజమానిని అడుగు, చాలామంది తీసుకుపొమ్మనే అంటారు. పెద్దది పడితే మాత్రం వదిలెయ్, అది గుడ్లు పెట్టే తల్లి. కాలనీ మధ్య కుంటల్లో పట్టినవి తినకు. చుట్టూ లాన్లకు చల్లిన మందులు, రోడ్ల మీది నూనె వర్షానికి వాటిలోకే పోతాయి.

తినడమంటే గుర్తొచ్చింది. 1932 జూన్ 2న ఈ జార్జియాలోనే టెల్‌ఫెయిర్ కౌంటీలో జార్జ్ పెర్రీ అనే పేద రైతు కుర్రాడు 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ పట్టాడు. ప్రపంచ రికార్డు. 2009లో జపాన్‌లో బివా సరస్సులో ఒకాయన పట్టిన చేప దానికి సమానంగా నిలిచింది, అంతే. పెర్రీ ఆ చేపను ఏం చేశాడు? ఇంటికి తీసుకెళ్లి అందరూ తిన్నారు. ఇది మీ అత్తయ్యకు చెప్పకు.

వదిలేవాడివైతే కొక్కెం ముల్లును ముందే ప్లయరుతో నొక్కి చదును చేసి ఉంచు, తేలిగ్గా వస్తుంది. చేతులు తడిపి పట్టుకో. పెదవి పట్టుకుని వేలాడదీయకు, రెండో చేత్తో పొట్ట ఆనించు. జులై, ఆగస్టుల్లో నీళ్లు కాగి ఉంటాయి, నాచున్న చెరువుల్లో రాత్రంతా నాచే ప్రాణవాయువు వాడేసుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున అది మరీ తక్కువ. ఆ రోజుల్లో సాయంత్రం పూటే మేలు, పట్టింది పట్టినట్టు వదిలెయ్యాలి. మబ్బు పట్టిన రోజైతే మధ్యాహ్నమూ పైకొస్తాయి.

నీ ఒంటి సంగతి. కళ్లద్దాలు, టోపీ లేకుండా ఫ్లై విసరకు, గాలివాటుకు కొక్కెం ఎటు తిరిగొస్తుందో చెప్పలేం. గట్టు మీద నిలబడే ముందు కాళ్ల కింద చూసుకో, ఇక్కడి ఎర్ర నిప్పుచీమల పుట్టలు గడ్డిలో కనబడవు. రాళ్ల కట్టల మీద కాపర్‌హెడ్ పాములుంటాయి, చెయ్యి పెట్టే ముందు చూడు. ఉరుము వినబడిందా, రాడ్డు అక్కడే పడేసి కారెక్కు. అది కార్బన్ గ్రాఫైట్, కరెంటు పారుతుంది, పైగా తొమ్మిది అడుగుల పొడుగు.

చివరికి, అడగకుండా ఎవరి చెరువు గట్టూ ఎక్కకు. కంచె లేకపోయినా సరే. రైతు ఇంటి తలుపు తట్టి, పేరు చెప్పుకుని, గేటు తెరిస్తే మళ్లీ మూస్తానని, చెత్త వదలనని చెప్పు. ఎక్కువమంది సరేనంటారు. కాదన్నవాడికి కూడా థాంక్స్ చెప్పి రా. కాలనీ కుంటయితే ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) నిబంధనలు చూసుకో. 16 ఏళ్లు నిండినవాళ్లకు ఈ రాష్ట్రంలో లైసెన్సు తప్పనిసరి. ఫోన్లోనే ఐదు నిమిషాల పని, నాకు తెలిసినవాళ్లే అది కూడా చేయక జరిమానా కట్టారు.

వచ్చే శనివారం ఐదు గంటలకల్లా మా ఇంటికి రా, నాకు తెలిసిన ఓ చెరువు దగ్గరికి తీసుకెళ్తాను. లైసెన్సు తీసుకుని రా. ఆ రెండో రాడ్డు ఇంట్లోనే పెట్టి రా.